శ్లీపదము: మన తీరమున బోదకాలి చరిత్రము

దేశచరిత్రములు వ్రాసినవారు యుద్ధములకును, క్షామములకును, రాజుల మరణములకును తేదీలు వేసి యుంచినారు. వ్యాధులలో సైతము ఒక్కుమ్మడిగా వచ్చి ఊళ్లకు ఊళ్లను పాడుపెట్టిన మారిజాడ్యములకే వారి గ్రంథములలో చోటు దొరకినది. మశూచికము, విషూచి, ప్లేగు అనువాని కథ చదువుకొన్న వారికెల్లరకును కొంత తెలియును. మనుష్యుని చంపక, బ్రదికినంతకాలము చక్కగా నడవనీయక, నలుగురిలో కూర్చుండనీయక, పెండ్లిపందిటికి పోనీయక పీడించు వ్యాధికి మాత్రము చరిత్రకారుడు దొరకుట అరుదు. బోదకాలు అట్టి వ్యాధి. శ్రీకాకుళము మొదలు గోదావరి మండలముల వఱకు గల మన సముద్రతీరమున ఇది తరతరములుగా కాపురమున్నది.

ఈ వ్యాధి యెట్లు వ్యాపించునో కనుగొనుటకు లోకమునకు ఎంతకాలము పట్టినది, ప్రాణుల శరీరము దీనిని ఎట్లెదుర్కొనును, దీనికి మందు కనిపెట్టుటలో మన తెలుగువాని పాలు ఎంత, మందు చేతికి వచ్చిన తరువాత సైతము మన యిండ్లలో అది యేల గూటిలో మూలబడి యుండును? ఈ సంగతులను క్రమముగా విచారింతము. ఈ విచారణ వలన మనము ఇంతకాలము ఎవరిని చూచి భయపడి దూరముగా తొలగితిమో, వారివలన మనకు భయము లేదని తేలును. ఈ వ్యాసమునకు ముఖ్యప్రయోజనము అదియే.

మన ప్రాచీనులు ఈ రోగము నెఱుగనివారు కారు. సుశ్రుతసంహిత నిదానస్థానమున ఇది శ్లీపదమను పేర వర్ణింపబడినది. పాదము శిలవలె గట్టిపడుటచే ఆ పేరు వచ్చినదని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. వాపు ముఖ్యముగా పాదములందు కలుగుననియు, చేతులకును రావచ్చుననియు, పుట్టవలె పెరిగినదానిని వైద్యుడు విడువవలసినదే యనియు అందు కలదు. వీనికంటె విలువైన మాట మఱియొకటి అందున్నది. పాతనీరు మిక్కుటముగా నిలిచి, అన్ని ఋతువులందును చల్లగా నుండు దేశములలో ఈ వ్యాధి విశేషముగా పుట్టునని ఆచార్యుడు చెప్పెను. సూక్ష్మదర్శిని లేని కాలమున, కేవలము దేశమును, దేహమును పరిశీలించి చెప్పిన మాట యిది. నిలువనీటికిని వాచిన కాలికిని సంబంధము కలదని ఆయన గ్రహించెను. ఆ రెంటిని కలుపుచున్న ప్రాణి యేదియో ఆయనకు తెలియలేదు. అది దోమ యని తెలిసికొనుటకు లోకమునకు అనేక శతాబ్దములు పట్టినది.

ఈ లోపల జనులు తమకు తోచిన కారణములు చెప్పుకొనిరి. “ఆ యూరి నీరు పడలేదు” అనుట ఒకటి. కొత్తకోడలు అత్తవారింటికి వచ్చిన నాలుగైదేండ్లకు కాలు వాచినచో నీటిమీద నెపము పెట్టుట వాడుక. “అది వారి వంశములోనే ఉన్నది” అనుట రెండవది. తల్లికి, కొడుకునకు, మనుమనికి వచ్చుట చూచి ఈ మాట పుట్టినది. “పూర్వజన్మపాపము” అనుట మూడవది. ఇది తక్కిన రెంటికంటె క్రూరమైనది. ఏలయన, నీటిని మార్చుకొనవచ్చును, వంశమున కెవరును బాధ్యులు కారు. పాపమన్నచో రోగియే దోషి యగును. మొదటి రెండు మాటలలో కొంత పరిశీలన లేకపోలేదు. ఊరు మారినందున రోగము వచ్చుట నిజము; ఒక యింటిలో పలువురకు వచ్చుటయు నిజము. ఒకే మురుగుకాలువ ప్రక్కన, ఒకే చీకటిగదిలో, ఒకే దోమల నడుమ నిద్రించువారికి ఒకే రోగము వచ్చుటలో వింత యేమున్నది? చూచినది నిజమే, చెప్పిన కారణము మాత్రము తప్పు. శాస్త్రచరిత్రమంతయు ఈ రెంటి నడుమ దూరమును తగ్గించుటయే.

ఆ దూరము పందొమ్మిదవ శతాబ్దమున క్రమముగా తగ్గినది. 1863లో పారిసు నగరమున డెమార్కే అను వైద్యుడు వరిబీజము గల రోగి నీటిలో సన్నని క్రిమిశిశువులను చూచెను. 1866లో బ్రెజిలు దేశమున బహియా పట్టణమందు వుచరర్ అనునతడు రోగి మూత్రములో అట్టివానినే కనుగొనెను. 1872లో మన కలకత్తాలో తిమొతి లూయిస్ అవి మనుష్యుని రక్తములోనే యున్నవని చూపెను. 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున జోసెఫ్ బాంక్రాఫ్టు పెద్దపురుగును పట్టెను. అది తెల్లని నూలుపోగు వంటిది. ఆడుపురుగు 8, 10 సెంటిమీటర్ల పొడవుండును, మగది అందులో సగము. వుచరర్, బాంక్రాఫ్టు అను ఇరువురి పేర్లును కలిపి దానికి వుచరేరియా బాంక్రాఫ్టి యని నామకరణము చేసిరి. నాలుగు ఖండములలో నలుగురు వైద్యులు ఒకరు చూచిన దానికి మఱియొకరు ఒక తునుక చేర్చిరి. విజ్ఞానము ఏ యొక్క జాతి సొత్తును కాదనుటకు ఇంతకంటె దృష్టాంతము వేఱొకటి వలదు.

పురుగు రక్తములోనికి ఎట్లు వచ్చెను? ఈ ప్రశ్నను చైనాదేశపు అమోయి రేవులో పనిచేయుచుండిన పాట్రిక్ మాన్సన్ చేపట్టెను. 1877లో ఆయన, రక్తమున క్రిమిశిశువులున్న యొక తోటమాలిని రాత్రివేళ దోమలు కుట్టునట్లు పరుండబెట్టి, ఆ దోమలను దినదినమును కోసి సూక్ష్మదర్శినితో చూచెను. క్రిమిశిశువులు దోమకడుపులో జీర్ణము కాక, దాని కండరములలోనికి పోయి పెరుగుచుండెను. రోగమును ఒక కీటకము మోయునను సంగతి వైద్యచరిత్రమున మొదటిసారి కంటబడినది అప్పుడే. ఆయన గమనించిన విచిత్రము మఱియొకటి కలదు. ఈ క్రిములు పగలు శరీరపు లోతులలో డాగియుండి, రాత్రివేళ చర్మము దగ్గఱ రక్తములోనికి వచ్చును; నడిరేయి ప్రాంతమున మిక్కిలి హెచ్చుగా కానవచ్చును. దోమ కుట్టువేళయు అదియే. అందుచేతనే ఫైలేరియా పరీక్షకు వచ్చువారు రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట వచ్చి నిద్రలేపి వ్రేలి రక్తము తీయుదురు. ఇది యెఱుగక “పగలంతయు ఏమిచేసిరి?” అని విసుగుకొను గృహస్థులు కలరు.

కాని మాన్సన్ సగముదూరమే పోయెను. దోమ నీటిపై గ్రుడ్లుపెట్టి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవానికి రోగము వచ్చుననియు ఆయన తలచెను. “నీరు పడలేదు” అను మన గ్రామవాక్యమే ఆ మహావైద్యుని నోటను పలికినది! ఈ పొరపాటు తీరుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టెను. 1900లో లండనులో జార్జి కార్మైకేల్ లో అనునతడు దోమ తొండములోనే క్రిములను చూపెను. దోమ కుట్టుటచేతనే రోగము సంక్రమించునని దానితో తేలినది.

ఈ నడుమ మాన్సన్ ఉపదేశము మన దేశమున వేఱొకచోట ఫలించెను. ఆయన శిష్యుడు రోనాల్డ్ రాస్, భారత వైద్యశాఖలో ఉద్యోగి, మలేరియాను గూర్చి గురువు చెప్పిన ఊహను పట్టుకొని దోమలను కోయుచు సంవత్సరములు గడపెను. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో, అనాఫిలిస్ జాతి దోమ కడుపుగోడపై మలేరియా క్రిమిని ఆయన చూచెను. మఱుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధన చేసి దోమకాటుచే రోగము వ్యాపించు క్రమమును పూర్తిగా నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. తెలుగు నేలమీద జరిగిన ఆ పనికి మూలము బోదకాలి పరిశోధనయే యని తెలిసినవారు తక్కువ.

ఇక దోమ సంగతి. మలేరియాను మోయు అనాఫిలిస్ జాతులు చాలవఱకు మంచినీటిని కోరును. బోదకాలును మోయు క్యూలెక్స్ దోమకు మురుగునీరే పుట్టినిల్లు. మూతలేని కాలువ, పెరటిలోని మురుగుగుంట, గాలిగొట్టమునకు వల కట్టని మరుగుదొడ్డితొట్టి దానికి కావలసిన తావులు. పట్టణము పెరిగినకొలది అదియు పెరుగును. అది రక్తముతో పీల్చిన క్రిమిశిశువు 10 మొదలు 14 దినములలో ఎదిగి తొండము చేరును. దోమ మఱల కుట్టునప్పుడు చర్మముపైకి జారి, కాటుగాయము ద్వారా లోనికి ప్రవేశించును. తరువాత శోషరసము ప్రవహించు సన్నని నాళములలో, ముఖ్యముగా గజ్జలలోను తొడలలోను, కాపురము పెట్టి కొన్ని సంవత్సరములు బ్రదుకుచు, లక్షలకొలది శిశువులను రక్తములోనికి వదలును.

ఇచట చదువరులు ఒక భేదమును గుర్తింపవలెను. మలేరియాక్రిమి దోమలో ఒకటి వేలగును. ఈ పురుగు దోమలో పెరుగునే కాని పిల్లలు పెట్టదు. ఎన్ని లోనికి పోయినవో అంతకు మించి బయటికి రావు. అందుచేత నాలుగు దోమకాట్లతో ఈ రోగము రాదు. ఎన్నో మాసములు, సంవత్సరములు క్రిములు గల దోమలచేత కుట్టించుకొనిననే పురుగు జంట కుదురును. మఱియు ఈ జాతి పురుగు మనుష్యునియందు తప్ప వేఱు జంతువునందు నిలువదు. పైకి భయంకరముగా కనబడు ఈ శత్రువు నిజముగా బలహీనుడు. మనుష్యుల రక్తము కొన్ని యేండ్లపాటు శుభ్రముగానున్నచో దానికి నిలువనీడ యుండదు. మశూచికమునకు మనుష్యుడు తప్ప వేఱు ఆశ్రయము లేనందుననే 1980లో అది లోకమునుండి తొలగినదని ప్రకటించగలిగిరి.

శత్రువు లోపలికి వచ్చినపుడు శరీరము చూచుచు ఊరకుండునా? ఉండదు. 1882లో మెచ్నికాఫ్ అను శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సినా తీరమున, అద్దమువలె తేటగానున్న నక్షత్రమీనపు డింభకములో ఒక గులాబిముల్లును గ్రుచ్చి, తెల్లవాఱి చూచెను. దాని శరీరములోని సంచారకణములు ముల్లు చుట్టును మూగి దానిని మ్రింగజూచుచుండెను. శత్రువులను తిను కణములు ప్రాణులలో గలవని, మన రక్తములోని తెల్లకణములు చేయు పనియు అదియే యని ఆయన సిద్ధాంతము చేసెను. 1908లో నోబెల్ బహుమానము ఆయనకును, రక్తద్రవములోని ప్రతివిషములను గూర్చి పరిశోధించిన ఎర్లిక్ పండితునకును కలిపి యిచ్చిరి. కణమును, ద్రవమును రెండును శరీరపు కోటకు కావలివారే యని నేడు అందఱును ఒప్పుకొన్నారు. దోమకు సైతము ఈ రక్షణ కలదు. కొన్ని జాతుల దోమల గొంతులోనుండు పండ్లవంటి మొనలు రక్తముతో వచ్చు క్రిమిశిశువులను చీల్చివేయును. కొన్నిటి శరీరము క్రిమి చుట్టును నల్లని పొర పోసి ఊపిరాడకుండ చేయును. ప్రతి ప్రాణియు తన యింటి తలుపు తాను వేసికొనుచునే యున్నది.

మఱి యీ పురుగు మన దేహమున సంవత్సరములకొలది యెట్లు నిలుచును? కావలివారిని చంపి కాదు, జోకొట్టి. మన రక్షణవ్యవస్థలో దాడిచేయించు శక్తులును, దాడి శ్రుతిమించకుండ అణచు శక్తులును గలవు. పురుగు తన దేహమునుండి కొన్ని పదార్థములను వదలి ఆ అణచు శక్తులను బలపఱచుకొనును. అందుచేత రక్తములో వేలకొలది క్రిమిశిశువులు తిరుగుచున్నను మనుష్యునకు జ్వరమైనను ఉండకపోవచ్చును. అతడు పొలము దున్నును, వల లాగును, కర్మాగారమునకు పోవును; తాను ఆరోగ్యవంతుడననియే యనుకొనును. రాత్రి అతనిని కుట్టిన దోమ మాత్రము రోగమును ప్రక్కయింటికి కొనిపోవును.

కాలు వాచినవాని సంగతి దీనికి విపరీతము. అతని శోషరసనాళములు పురుగులవలన వ్యాకోచించి పాడైనవి. పురుగులు చచ్చినచోట శరీరము చేసిన పోరాటముచే మచ్చలు పడినవి. రసము పైకి పోలేక కాలిలో నిలిచినది. దానికి తోడు వ్రేళ్లసందుల పగుళ్లద్వారా సామాన్యమైన సూక్ష్మజీవులు చొచ్చి, గజ్జలలో బిళ్లకట్టి, చలిజ్వరము తెచ్చి, ప్రతి పర్యాయమును కాలిని మఱికొంత లావు చేసినవి. కాని ఈ దశకు వచ్చినవారిలో పెక్కుమంది రక్తములో క్రిమిశిశువులే యుండవు. కాబట్టి ఊరికి రోగమును పంచువాడు తఱచుగా కాలు వాచినవాడు కాడు, కాలు వాయనివాడు. మనము శతాబ్దములుగా ఎవరిని చాపమీదినుండి లేపితిమో అతడు మన కేమియు చేయలేదు. ఎవరిప్రక్కను నిర్భయముగా కూర్చుంటిమో అతనిలోనే, తుదకు మనలోనే, ఆ పురుగుండవచ్చును. “బోదకాలున్న యింటి పిల్లను చేసికొనము” అను వరుని తండ్రి రక్తమును ఒక నడిరేయి పరీక్షించినచో ఏమి కనబడునో యెవరు చెప్పగలరు?

ఇప్పుడు మందు కథకు వత్తము. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు చిన్నతనమున దారిద్ర్యమును, యౌవనమున స్వల్పకాలములో ఇద్దఱు సోదరుల మరణమును చూచినవాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయుడుగా కొంతకాలముండి, 1922లో అమెరికా చేరెను. హార్వర్డులో ఫిస్క్ పండితునితో కలిసి శరీరద్రవములలో భాస్వరమును లెక్కించు పద్ధతిని నిర్మించెను. కండరములకు శక్తినిచ్చు పదార్థములను కనుగొనుటలో పాలుపంచుకొనెను. 1940లో లెడర్లీ అను ఔషధసంస్థలో చేరి, కొలది కాలమునకే అందు పరిశోధనాధిపతి యయ్యెను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ ద్వీపములకు పోయిన అమెరికా సైనికులలో వేలకొలదిమందికి ఫైలేరియా సోకుటచే, దానికి మందు కావలెనను తొందర ఆ దేశమునకు కలిగినది. సుబ్బారావు ఆధ్వర్యమున హెవిట్ మున్నగువారు, పత్తి యెలుకలలో నివసించు ఫైలేరియా జాతి పురుగుపై ఎన్నో పదార్థములను పరీక్షించి, 1947లో డైయిథైల్ కార్బమజైన్ అను దానిని వెలువరించిరి. హెట్రజాన్ అను పేర అది బజారులోనికి వచ్చినది, నేడు డి. ఇ. సి. మాత్రయని మన ఆరోగ్యకార్యకర్తలు పంచునది అదియే. 1948 ఆగష్టులో సుబ్బారావు మరణించెను. భీమవరపు తల్లులకును, శ్రీకాకుళపు జాలరులకును పనికివచ్చు మందు, వారి భాష మాటాడినవాని ఆధ్వర్యముననే సముద్రముల కవతల పుట్టినది.

ఈ మందు పనిచేయు తీరు విన్న మిక్కిలి యాశ్చర్యము కలుగును. గాజుగొట్టములో క్రిమిశిశువులను ఉంచి, వానిపై ఈ మందు పోసినచో వానికి పెద్ద హాని కలుగదు. అదే మందును మనుష్యుడు మ్రింగినచో కొలది గంటలలో రక్తములోని క్రిమిశిశువులు చాలవఱకు మాయమగును. కారణమేమన, ఈ మందు తానొక్కటియే శత్రువును చంపునది కాదు; శరీరపు స్వంతరక్షణతో కలిసి పనిచేయునది. పురుగుచే జోకొట్టబడిన కావలివారిని లేపి దొంగను చూపునది యనవచ్చును. మెచ్నికాఫ్ చూచిన ఆ మ్రింగు కణములే తక్కిన పని చేయును.

ఇంకొక సంగతి. 1948లో లెడర్లీ సంస్థలోనే, సుబ్బారావు నాయకత్వమున్న కాలమున, డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రసైక్లీన్ కుటుంబమునకు అది పెద్దకొడుకు. తరువాత అర్ధశతాబ్దమునకు శాస్త్రజ్ఞులు ఫైలేరియా పురుగు కడుపులో వోల్బాకియా అను వేఱొక సూక్ష్మజీవి నివసించుననియు, అది లేనిదే పురుగునకు సంతానము కలుగదనియు, ఈ కుటుంబమునకే చెందిన డాక్సీసైక్లీన్ ఆ సూక్ష్మజీవిని చంపి పురుగును గొడ్రాలిని చేయుననియు నిరూపించిరి. వారములకొలది మ్రింగవలసినదగుటచేతను, చిన్నపిల్లలకును గర్భిణులకును ఈయరాదగుటచేతను దానిని ఊరంతటికిని పంచుటకు వీలులేదు. అయినను, శత్రువును రెండు ప్రక్కలనుండి కొట్టు రెండు ఆయుధములకు మూలము ఒకే పరిశోధనాలయమున నుండుట గమనింపదగినది.

స్వతంత్రభారతమున 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. దానిలో పనిచేయువారికి శిక్షణ నిచ్చు కేంద్రములలో ఒకటి మన రాజమహేంద్రవరమున వెలసినది. మొదట దోమడింభకములపై నూనె చల్లుట, రక్తపరీక్షలో దొరకినవారికి మాత్రమే మందిచ్చుట పద్ధతిగా నుండెను. దొరకని వారెందరో మిగిలిపోవుటచే రోగము తగ్గియు తొలగలేదు. 1997లో ప్రపంచ ఆరోగ్యసభ ఈ వ్యాధిని ప్రజారోగ్యసమస్యగా లేకుండ చేయవలెనని తీర్మానించినది. 2004 నుండి మన దేశమున రోగమున్న జిల్లాలలో సంవత్సరమున కొకసారి ఊరిలోని వారందఱకును డి. ఇ. సి. మాత్రలిచ్చు పద్ధతి పెద్దయెత్తున ప్రారంభమైనది. తరువాత దానికి ఆల్బెండజోల్ చేరినది. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ అను మూడవ మందును చేర్చిరి. రెండేండ్లలోపు పిల్లలకును, గర్భిణులకును, తీవ్రరోగులకును ఈయరు; తక్కినవారెల్లరును మ్రింగవలెను.

“నాకు రోగము లేదు, నేనేల మ్రింగవలెను?” అని మా విద్యార్థులు అడుగుదురు, వారి తలిదండ్రులు అడుగక మాత్రను గూటిలో పెట్టుదురు. అడిగినవారే నయము, వారికి సమాధానము చెప్పవచ్చును. పెద్దపురుగు అయిదారేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు బ్రదుకును. ఈ మందు దానిని అన్ని వేళల చంపలేదు గాని, అది కను శిశువులను రక్తములో మిగులనీయదు. ఏటేట ఊరిలో నూటికి 65 మందికి తక్కువకాకుండ అయిదేండ్లు వరుసగా మ్రింగినచో, దోమ కెక్కడను క్రిమి దొరకదు. పెద్దపురుగు ముసలిదై సంతానము లేకయే చచ్చును. ఇక్కడ మనము మ్రింగు మాత్ర మన ప్రక్కయింటి పసిబిడ్డ కొఱకు. ఆ యింటివారు మ్రింగునది మన బిడ్డ కొఱకు. ఒకరు మానినచో తక్కువగునది ఒక మాత్ర కాదు, ఊరు కట్టుకొన్న గోడలో ఒక ఱాయి.

“మాత్ర వేసికొనగానే జ్వరము, తలనొప్పి, దురద వచ్చినవి, ఇది మంచిమందు కాదు” అనునది రెండవ యాక్షేపణ. ఈ బాధలు తఱచుగా రక్తములో క్రిములున్నవారికే కలుగును. క్రిములు ఒక్కసారిగా చచ్చుటవలనను, శరీరము మేల్కొనుటవలనను కలుగు ఈ కలత సాధారణముగా ఒకటి రెండు దినములలో తగ్గును. అది మందు దోషము కాదు. మందు పనిచేసినదనుటకును, ఆ మనుష్యునకు అది కావలసియుండెననుటకును గుర్తు. బాధ హెచ్చుగానున్నచో వైద్యునికి చూపవలెను. పరగడుపున మ్రింగరాదను హెచ్చరికను పాటించిన కొన్ని యిబ్బందులు తప్పును. ఈ మాటను మాత్రతో పాటు చెప్పి యీయనిచో ఒకరి జ్వరము ఊరందఱికి భయమగును. పంచిన మాత్రల లెక్కకును మ్రింగిన మాత్రల లెక్కకును నడుమ నున్న అగాధము ఈ భయమువలననే లోతగుచున్నది. పంచువారు తమ యెదుటనే మ్రింగుడని పట్టుపట్టుట అవమానించుటకు కాదని గృహస్థులు గ్రహింపవలెను.

ఇది సాధ్యమా యని సంశయించువారికి ఇరుగుపొరుగు దేశములే ప్రత్యుత్తరము. చైనాదేశము కొన్ని మండలములలో డి. ఇ. సి. కలిపిన ఉప్పును వంటకు వాడించి, 2007లో ఈ వ్యాధిని తొలగించినట్లు ప్రకటించుకొన్నది. మాన్సన్ మొదట దోమను కోసినది ఆ దేశముననే గదా! శ్రీలంక 2016లోను, థాయిలాండు 2017లోను, బంగ్లాదేశము 2023లోను అదే గౌరవమును పొందినవి. భారతదేశము 2027ను గడువుగా పెట్టుకొన్నది. వారికి లేని మందు మనకు లేదు. వారికి దొరకిన మందును కనిపెట్టినవారిలో మనవాడే ముందున్నాడు.

ఇప్పటికే కాలు వాచినవారి మాటయేమి? వారిని విడువవలసినదే యన్న పూర్వవాక్యము నేడు చెల్లదు. పాడైన నాళములు మఱల క్రొత్తవి కాకున్నను, కాలు మఱింత పెరుగకుండ ఆపుట ప్రతి యింటిలోను చేయదగిన పని. దినమున కొకసారియైనను సబ్బుతోను శుభ్రమైన నీటితోను కాలిని మెల్లగా కడిగి, వ్రేళ్ల సందులను మెత్తని గుడ్డతో తడియాఱ తుడిచి, పగుళ్లకు మందు పూయవలెను. కూర్చున్నప్పుడును పండుకొన్నప్పుడును కాలిని ఎత్తుగా నుంచవలెను. మడమను ఆడించుచుండవలెను. చెప్పులు లేక బయటికి పోరాదు. ఇట్లు చేసినవారికి జ్వరపు రాకలు మిక్కిలి తగ్గును. వరిబీజమునకు శస్త్రచికిత్స కలదు. అది సిగ్గుపడి దాచుకొనవలసిన జబ్బు కాదు. ఇందులో ఖరీదైనది ఏదియు లేదు. కావలసినది, ఆ కాలిని ముట్టుకొనుటకు ఇంటిలో ఒకరికి వెనుదీయని చేయి. కోడలికి వచ్చినదని పుట్టినింటికి పంపు అత్తగారును, చీరకుచ్చెళ్లతో కప్పుకొని యేండ్లు గడపు కోడలును, ఇద్దఱును ఈ సంగతి తెలిసికొనవలెను.

మా అచ్యుతాపురము పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. పొలములును, పూడిమడక వంటి జాలరిపల్లెలును గల ఈ ప్రాంతమున ప్రత్యేక ఆర్థికమండలి వెలసి, కర్మాగారములు లేచినవి. దూరదేశములనుండి పనివారు వచ్చి గదులలో నలుగురైదుగురుగా కాపురముందురు. బీహారు, ఒడిస్సా, ఉత్తరప్రదేశములలో సైతము ఈ వ్యాధి యున్న జిల్లాలు కలవు. “వారు తెచ్చిరి” యనుట సులభము. మన రక్తము శుభ్రమని చెప్పుటకు మనకు ఏ పరీక్ష జరిగినది? అద్దెకిచ్చిన గదుల వెనుక మూతలేని కాలువ మనదే. వచ్చిన పనివాడు మాత్రలు పంచు దినమున కర్మాగారములో నుండి, పేరు పట్టీలో లేక తప్పిపోవుట మన యశ్రద్ధయే. దోమ యెవరిని ఏ యూరివాడవని అడుగదు.

మాత్రల పంపిణీ చాలునా, ఇంక ఆపవచ్చునా యని తేల్చు పరీక్షను ఎవరిపై చేయుదురో చదువరులు ఊహింపగలరా? ఆరేడేండ్ల పిల్లలపై. ఒకటి రెండు తరగతులు చదువు బిడ్డల వ్రేలినుండి బొట్టు రక్తము తీసి, పురుగుజాడ కలదా యని చూతురు. ఏలయన ఆ పిల్లలు మాత్రలు మొదలైన తరువాత పుట్టినవారు. వారి రక్తములో పురుగు లేనిచో ఊరిలో వ్యాప్తి ఆగినదని యర్థము. పెద్దలు మ్రింగిరో, గూటిలో పెట్టిరో, కాలువకు మూతవేసిరో లేదో, ఆ బొట్టు చెప్పును. ఉపాధ్యాయులముగా మేము ఎన్నో పరీక్షలు చూచితిమి. పిల్లల చేత వ్రాయించి పెద్దలకు మార్కులు వేయు పరీక్ష ఇది యొక్కటియే.

కావున మా విన్నపము ఇంతే. ఆరోగ్యకార్యకర్త మాత్ర తెచ్చిన నాడు అన్నముతిని, ఆమె యెదుటనే ఇంటివారందఱును మ్రింగుడు. రాత్రి రక్తము తీయవచ్చిన వారికి విసుగుకొనక తలుపు తీయుడు. పెరటి మురుగుగుంటను పూడ్చి, తొట్టి గాలిగొట్టమునకు వల కట్టుడు. కాలు వాచినవారిని పంక్తిలో మీప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడు.